మూడు రోజుల ట్రైనింగ్ గారికి ఒక టీచరమ్మ విన్నపం

అమ్మా ట్రైనింగ్ గారూ,

నమస్కారం. నేను మీకు గుర్తుండను. పోయినసారి మండలం మీటింగు హాల్లో మీరు దిగినప్పుడు మూడో వరసలో, తిరగని ఫ్యాను కింద కూర్చున్న అంగన్‌వాడీ టీచర్ని నేనే. మూడు రోజులుండి, ఫైలూ పెన్నూ ఇచ్చి, గ్రూపు ఫోటో దిగి వెళ్లిపోయారు. మళ్లీ జాడ లేదు.

మీరు చెప్పిన మొదటి మాట నా నోట్సులో ఇప్పటికీ ఉంది: 'పిల్లలు ఆడుతూ పాడుతూ నేర్చుకుంటారు. వాళ్లని కూర్చోబెట్టి ఉపన్యాసం చెప్పకండి.' ఈ మాట మీద మేం తొంభై మందిమి చేతులు కట్టుకుని రెండు గంటల ఉపన్యాసం విన్నాం. తెర మీద అక్షరాలు వెనక వాళ్లకి ఆనడం లేదని ట్రైనింగ్ ఇచ్చే మేడమ్ గారే అన్నీ చదివి వినిపించారు. ఎవరో కునికితే అందర్నీ లేపి చప్పట్లు కొట్టించారు. దాన్ని యాక్టివిటీ అంటారని మూడో రోజు తెలిసింది.

మొదటి రోజు పరీక్ష, చివరి రోజు పరీక్ష. రెండింటికీ ఒకటే ప్రశ్నలు, ఫోన్లో లింకు. హాల్లో సిగ్నల్ లేక అందరం బయట వేపచెట్టు కిందికెళ్లి ఒకరి దాంట్లో ఒకరం చూసి టిక్కులు పెట్టాం. నిజం చెప్పొద్దూ, ఆ మూడు రోజుల్లో మేం ఒకరితో ఒకరం పని గురించి మాట్లాడుకున్నది ఆ చెట్టు కిందే. కొత్తగా చేరి గుక్కపట్టి ఏడ్చే పిల్లాడికి చిన్న చెంబు ఇచ్చి మొక్కకి నీళ్లు పొయ్యమనాలని పక్కూరి టీచరు చెప్పింది. మర్నాటి నుంచే పనిచేసింది. మా మొక్క కుళ్లిపోయింది గానీ పిల్లాడు నిలబడ్డాడు.

మూడో రోజు సాయంత్రం ధైర్యం చేసి ఒక ప్రశ్న అడిగాను. మా సెంటర్లో ఒక బుడ్డోడున్నాడు, మూడున్నరేళ్లు. చెప్పింది వింటాడు, చేస్తాడు, నోరు మాత్రం విప్పడు. ఏం చెయ్యమంటారు అన్నాను. 'అది తర్వాతి మాడ్యూల్లో వస్తుందమ్మా' అన్నారు. ఏడాది దాటింది. వాడు, నేను, ఇద్దరం మాడ్యూల్ కోసం ఎదురుచూస్తున్నాం.

మా సెక్టార్లో, అంటే ఒకే సూపర్‌వైజర్ కింద ఉండే సెంటర్లలో, ఒక పెద్దావిడ ఉంది. ఆవిడ రోజుల్లో మీ పెద్దక్క 26 రోజులుండేదట, జాబ్ ట్రైనింగ్ అని. ట్రైనింగ్ సెంటర్లోనే మకాం, అక్కడే తిండి. పాత గుడ్డలతో బొమ్మ కుట్టి, దానితో కథ చెప్పడం అక్కడే నేర్చుకుందట. ఆ నక్క బొమ్మ ఇప్పటికీ ఆవిడ సంచిలోనే ఉంది, ఒక చెవి ఊడింది. మొన్న సెక్టార్ మీటింగులో దాన్ని వేళ్లకి తొడిగి 'ఏవమ్మా, యాప్‌లో ఎంట్రీలు పూర్తయ్యాయా?' అని సూపర్‌వైజర్ గొంతు పెట్టింది. సూపర్‌వైజర్ గారు కూడా నవ్వారు.

మీ కొత్త పేరు బాగుంది లెండి. 2023లో పెట్టారు, 'పోషణ్ భీ పఢాయీ భీ'. పోషణా, చదువూ రెండూ. 2024లో 'ఆధారశిల' పేరుతో 48 వారాలకి ఆటపాటల ప్రణాళిక కూడా వచ్చింది. పుస్తకం మంచిదే, అబద్ధం ఎందుకు. కాకపోతే రెండో 'భీ', అదే చదువు, దగ్గరికి వచ్చేసరికి నా పూట గడిచిపోతోంది.

మొన్న చూడండి. చాప మీద పద్దెనిమిది మంది. చింతపిక్కలూ శనగలూ కలిపి కుప్పపోసి, వేటికవి గిన్నెల్లో వెయ్యమన్నాను. అంతా శ్రద్ధగా ఏరుతున్నారు. ఆయా పొయ్యి దగ్గర ఉంది. అప్పుడు ఒక గర్భిణి సరుకుల కోసం వచ్చింది. 2025 జులై నుంచి ముఖం ఫోన్లో పడితేనే సరుకు. 'కళ్లార్పు తల్లీ' అన్నాను, ఆర్పింది. యాప్ ఒప్పుకోలేదు. వెలుతురు చాలదేమోనని వీధిలోకి తీసుకెళ్లాను. అక్కడా నాలుగుసార్లు ఆర్పింది. లోపలికొచ్చేసరికి ఒకడి ముక్కులో శనగ గింజ. రెండో ముక్కు మూసి చీదిస్తే వచ్చేసింది. ఆ విద్య మా అమ్మ నేర్పింది, మీ స్లయిడ్లలో లేదు. ఆ పూట ఆట ఎంతవరకు సాగిందో అడిగినవాళ్లు లేరు. ఎంట్రీ ఎందుకు పడలేదని మాత్రం గ్రూపులో మూడు మెసేజీలు.

2020 జాతీయ విద్యా విధానంలో మాకు ఇంకా పెద్ద మాటే ఇచ్చారు. ఇంటరూ ఆపైనా చదివినవాళ్లకి ఆరు నెలల సర్టిఫికెట్, అంతకు తక్కువైతే ఏడాది డిప్లొమా. మా పనికి అడ్డం రాకుండా డీటీహెచ్ చానెళ్లలో, స్మార్ట్‌ఫోన్లలో చెప్తారట. సంతోషం. అయితే మా ఇంట్లో రిమోట్ అత్తగారి దగ్గర ఉంటుంది, సీరియల్ టైములో ఆవిణ్ణి కదిలించే విధానం ఏ విధానంలోనూ లేదు. ఫోనంటారా, దానికి ముఖాలు గుర్తుపట్టడంతోనే సరిపోతోంది.

ఇంకో చిన్న సందేహం. 2023 డిసెంబర్‌లో మా ఆంధ్రప్రదేశ్‌లో మేం సమ్మెకి దిగితే, జనవరిలో మా మీద ఎస్మా పెట్టారు, అత్యవసర సేవల్లో ఉన్నవాళ్లు సమ్మె చెయ్యకూడదనే చట్టం. మాది అత్యవసర సేవ అని నాకు అప్పుడే తెలిసింది. 42 రోజులు రోడ్డు మీద ఉన్నాం కదా, తీరిగ్గా ఆలోచించాను. అంత అత్యవసరమైన మనిషికి నేర్పడానికి మూడు రోజులు ఎలా సరిపెట్టారండీ?

కోపంతో రాయడం లేదు. మీరంటే ఇష్టమే. ఇంట్లో వంట తప్పిన మూడు పూటలు ఎవరికి చేదు? నా కోరిక ఒక్కటే. ఈసారి హాలుకి రాకండి, నా దగ్గరికి రండి. నెలకో పూట చాలు. తొమ్మిదిన్నరకి వచ్చి, పన్నెండు దాకా చాప మీద ఒక మూల కూర్చోండి. నేను కథ చెప్తుంటే వినండి, ఎక్కడ పిల్లల చూపు పక్కకి పోతోందో చూడండి, వెళ్లేముందు నాకు చెప్పండి. ఆ బుడ్డోడి పక్కన కూర్చుంటే ఇంకా మంచిది. ప్రొజెక్టర్ వద్దు, బ్యానర్ వద్దు. సంతకాల షీటు కూడా తేకండి, వాడు పెన్ను కనిపిస్తే లాక్కుంటాడు.

ఇట్లు,
హాజరు పట్టీలో మూడు చోట్ల సంతకం పెట్టిన మీ టీచరు

తా.క.: రెండో పరీక్షలో నాకు మొదటిదాని కన్నా రెండు మార్కులు తగ్గాయి. సర్టిఫికెట్ మాత్రం అందింది.