హెచ్‌ఓడీ సంతకముంటేనే కౌన్సెలింగా?

మనసు బాగోలేక కౌన్సెలింగ్ కావాలనుకునే మెడికో ముందు తన హెచ్‌ఓడీ (విభాగాధిపతి) సంతకం తేవాలి. తల్లిదండ్రుల అంగీకార పత్రం జతచేయాలి. మన ప్రాంతంలోని ఒక వైద్య కళాశాల నోటీసు బోర్డుకు ఈ వారం అంటించిన సర్క్యులర్ సారాంశం ఇదే. సమస్య ఏమిటో రాయడానికి ఆ ఫారంలో రెండు గీతలు ఇచ్చారు. ‘విద్యార్థి ప్రవర్తనపై విభాగం అభిప్రాయం’ కోసం మాత్రం సగం పేజీ వదిలారు.

పిల్లలకేదైనా జరిగితే ఇంట్లోవాళ్లకు జవాబు చెప్పాల్సింది తామేనని అధికారులు అంటున్నారు. ఆ భయం నిజమే కావచ్చు. కానీ ఈ కాగితం కాపాడేది కాలేజీని, విద్యార్థిని కాదు.

హెచ్‌ఓడీ అంటే ఎవరు? ఇంటర్నల్స్ మార్కులు వారి చేతిలో ఉంటాయి. థియరీలో 75 శాతం, ప్రాక్టికల్స్‌లో 80 శాతం అటెండెన్స్ లేకపోతే యూనివర్సిటీ పరీక్షకు కూర్చోనివ్వరు. ఆ లెక్క తేల్చేదీ ఆ డిపార్ట్‌మెంటే. పీజీలకైతే థీసిస్ మీద గైడ్ సంతకం పడాలి. రాత్రిళ్లు నిద్ర పట్టడం లేదని, డిసెక్షన్ హాల్లోకి అడుగుపెడితే గుండె దడ వస్తోందని ఏ అమ్మాయి వెళ్లి వారికి చెప్పుకుంటుంది? బాధ ఆ డిపార్ట్‌మెంటులోనే మొదలైతే, అప్పుడెవరి సంతకం అడగాలి? సైకియాట్రీ వాళ్లున్నారు కదా అంటారు. వాళ్లూ పాఠం చెప్పి మార్కులు వేసేవాళ్లే. పైగా ఆ ఓపీ ముందు కూర్చుంటే గంటలో హాస్టలంతా తెలిసిపోతుంది.

ఇక ఇంటి సంగతి. ఆలూరు వైపు పల్లె నుంచో, పత్తికొండ వైపు నుంచో సీటు తెచ్చుకున్న పిల్లాడిని ఊరు ఇప్పటినుంచే ‘డాక్టరు’ అని పిలుస్తుంది. లాంగ్‌టర్మ్ కోచింగ్‌కు అప్పు చేసిన తండ్రి రాత్రి ఫోన్ చేసి ‘ఏం అబ్బీ, బాగుండావా?’ అంటాడు. ఫస్టియర్లో సప్లీ పడ్డ ఆ పిల్లాడు ‘బాగుండా నాయనా, తిన్నా’ అని ఫోన్ పెట్టేస్తాడు. నాయనకు చెప్పుకోలేకే కదా ఇంకో మనిషి కావాల్సి వచ్చింది! ఆ నాయన సంతకమే తెమ్మంటే ఆ పిల్లాడు ఎటు పోవాలి?

పేషెంట్ చెప్పింది బయటపెట్టకూడదని ఇదే కాలేజీలో ఇదే పిల్లలకు పాఠం చెబుతారు. 2017 నాటి మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం 23వ సెక్షన్ గోప్యతను హక్కుగానే ఇచ్చింది. 18 ఏళ్లు నిండిన వ్యక్తి చికిత్సకు ఇంట్లోవాళ్ల అనుమతి ఎందుకు? పాఠంలో ఒకటి, నోటీసు బోర్డు మీద ఇంకొకటి అయితే పిల్లలు దేన్ని నమ్మాలి?

జాతీయ వైద్య కమిషన్ టాస్క్‌ఫోర్స్ 2024లో ఇచ్చిన నివేదికను వీళ్లు ఒక్కసారైనా తెరిచారా? ఆత్మహత్య ఆలోచనలు వచ్చాయని ఎంబీబీఎస్ విద్యార్థుల్లో 16.2 శాతం, పీజీల్లో 31.2 శాతం చెప్పారు. విషయం బయటికి పొక్కుతుందన్న భయంతోనే చాలామంది సాయం అడగడం లేదని కూడా ఆ నివేదికలో ఉంది. సరిగ్గా ఆ భయానికే ఈ కళాశాల ఇప్పుడు ఫారం అచ్చువేసింది. విశాఖలో నీట్ విద్యార్థిని మృతి కేసులో సుప్రీంకోర్టు 2025 జులై 25న మార్గదర్శకాలిచ్చింది. వందమంది, అంతకు మించి విద్యార్థులున్న ప్రతి సంస్థలో అర్హత ఉన్న కౌన్సెలర్ ఒకరైనా ఉండాలంది. గేటు దగ్గర హెచ్‌ఓడీని నిలబెట్టమని ఎక్కడా అనలేదు.

అనంతపురానికి 2000లో, కడపకు 2006లో, నంద్యాలకు 2023లో ప్రభుత్వ వైద్య కళాశాలలు వచ్చాయి. సీమలో సీట్లు పెరిగాయి, సంతోషం. అందుకే ఈ సర్క్యులర్ మరింత ప్రమాదం. ఒక కాలేజీలో చెల్లితే మిగతావాళ్లు తేదీ మార్చి ఇదే కాగితం అంటిస్తారు.

మార్కులతో, అటెండెన్స్‌తో సంబంధం లేని కౌన్సెలర్‌ను బయటి నుంచి తీసుకురండి. డ్యూటీలు, క్లాసులు ముగిశాక సాయంత్రం ఆ గది తెరిచి ఉంచండి. ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీమానస్ నంబరు 14416ను హాస్టల్ ప్రతి అంతస్తులో రాయించండి, అర్ధరాత్రి చేసినా పలుకుతారు. మీ సొంత బిడ్డ ఇంకో ఊరి కాలేజీలో ఈ ఫారం పట్టుకుని హెచ్‌ఓడీ గది బయట నిలబడితే మీరు ఒప్పుకుంటారా? ఒప్పుకోరు. సోమవారం క్లాసులు మొదలయ్యేలోగా ఆ సర్క్యులర్‌ను బోర్డు మీంచి పీకేయండి.