మహారాజశ్రీ దిమ్మె గారి సముఖమునకు

అయ్యా,

హైదరాబాదు చౌరస్తాలన్నింటా తమరు క్షేమమని తలుస్తాను. ఏటేటా ఎదుగుతున్నారు కూడా. 1986లో ట్యాంక్‌బండ్ మీద 33 మంది తెలుగు ప్రముఖుల విగ్రహాలను మోసినప్పుడు, దారిన పోయేవాడు ఆగి పేరు చదువుకునేంత ఎత్తులో ఉండేవారు. 2023లో ఆవిష్కరించిన అంబేడ్కర్ విగ్రహం 125 అడుగులైతే, దాని కింద పార్లమెంటు ఆకారంలో తమరే 50 అడుగులున్నారు. మా శిల్పుల వృత్తిలో ఇంత పైకొచ్చినవాళ్లు లేరు.

ఏ ఉపద్రవమొచ్చినా తమరు చెక్కుచెదరరు. గణపతి స్థపతి బృందం రాయగిరిలో చెక్కిన బుద్ధుడు 1990 మార్చి 10న హుస్సేన్‌సాగర్‌లో మునిగాడు, మనుషుల ప్రాణాలూ పోయాయి. ఆయన 1992 డిసెంబరు దాకా నీటి అడుగున ఉంటే, తమరు మాత్రం సాగర్ నడిమధ్య ఆయన కోసం కాచుకునే ఉన్నారు. 2011లో, అదీ మార్చి 10నే (ఆ తేదీ మా జాతకానికి పడదు), ట్యాంక్‌బండ్ మీద బొమ్మలు కూలాయి. కొత్తవి చేసి తెచ్చి మళ్లీ తమరి మీదే నిలబెట్టారు.

ఇక నా బాధ. కింద నుంచి తలెత్తి చూస్తే మొహం చిన్నదైపోతుంది కాబట్టి, ఎత్తున పెట్టే బొమ్మకు తల ఒక పిసరు పెద్దది చేసి, కాస్త ముందుకు వంచుతాం. పాతకాలం నుంచీ ఉన్న లెక్కే. 2017లో మెట్రో వచ్చింది. ఫ్లైఓవర్లు అంతకుముందు నుంచే లేస్తున్నాయి. ఇప్పుడు జనం బొమ్మను ఎదురుగానో, పైనుంచో చూసుకుంటూ పోతున్నారు. నేను అంత లెక్కగా పెంచిన తల వాళ్లకు గుమ్మడికాయలా కనిపిస్తోంది. ఎవరూ చూడరని వదిలేసే నడినెత్తికి ఈ మధ్య పాపిడి తీస్తున్నాను. పావురాలకు నచ్చింది.

మొన్నొక బొమ్మ మట్టిలో ఉండగా కంటి కింది ముడత కోసం వెదురు పుల్ల పట్టుకుని పొద్దంతా కూర్చున్నాను. చూడ్డానికి వచ్చిన పెద్దమనిషి టేపు తీసి మడమ నుంచి తలదాకా కొలిచాడు. ‘దిమ్మెతో కలిపి పక్క సెంటరు దానికంటే ఎత్తొస్తుందా?’ అన్నాడు. కంటి వైపు చూడనే లేదు. రంగు ఆరేలోపు ఫైబరు బొమ్మ లారీ ఎక్కాలట, ముహూర్తం దాటిపోతుందట.

తమరి ఒంటి మీది ఫలకంలో ఎవరి అమృత హస్తాలతో ఆవిష్కరణ, ఎవరి అధ్యక్షత, విశిష్ట అతిథులెవరు, అన్నీ బంగారు అక్షరాలే. నా పేరుకు చోటు చాల్లేదన్నారు. 50 అడుగుల మేనిలో జానెడు చోటు దొరకదా దొరా?

రోడ్ల మీదా ఫుట్‌పాత్‌ల మీదా కొత్త విగ్రహాలకు అనుమతి ఇవ్వొద్దని 2013లో సుప్రీంకోర్టు చెప్పింది. అది విని నా బతుకు బజారున పడ్డట్టేనని బెంగపడ్డాను. తమరు మాత్రం జంకలేదు. మా వీధి మలుపులో ఇప్పటికే గ్రానైటు పలకలతో సహా వెలిశారు. మీద ఎవరిని నిలబెట్టాలో ఇంకా తేలలేదట.

ఎవరైనా సరే, అడ్వాన్సు ఇప్పించండి. చెయ్యి చాచాలో, దండం పెట్టాలో నిదానంగా చెప్పినా ఫరవాలేదు, రెండు రకాల చేతులకూ అచ్చులు తీసి పెట్టాను.

ఇట్లు,
తమరి నెత్తిన బొమ్మలు పెట్టి బతుకుతున్న
ఒక శిల్పి