బ్రేకులకు షోకాజ్ నోటీసు

చీమకుర్తిలోని ఒక గ్రానైట్ ఫ్యాక్టరీలో, పాలిష్ పట్టి ఎగుమతికి నిలబెట్టిన గెలాక్సీ పలకలను ఆ ఫ్యాక్టరీ టిప్పరే వాలులో వెనక్కి జారి గుద్దింది. నల్లరాతిలో బంగారు చుక్కలు మెరిసే పలకలు పదకొండు పగిలాయి. పన్నెండోది మా వీధి డ్రైవరు ఉద్యోగం.

టిప్పర్‌కు మరుసటి ఉదయమే వైద్యం అందింది. ఒంగోలు నుంచి మెకానిక్ వచ్చాడు. లైనింగులు మార్చి, వెనక లైట్లు బిగించి, ముందు కొత్త నిమ్మకాయలు, మిరపకాయలు కట్టారు. నాలుగో రోజు డ్యూటీకి ఎక్కింది. పద్నాలుగేళ్ల సర్వీసున్న డ్రైవరుకు మాత్రం అభియోగ పత్రం అందింది.

యాజమాన్యాన్ని తప్పు పట్టే తొందరపాటు నాకు లేదు. వాళ్లు మాత్రం ఏం చేస్తారు? బ్రేకుకు షోకాజ్ నోటీసు ఇస్తే అది సంతకం పెట్టి తీసుకోదు. యార్డు వాలుకు ఇద్దామంటే, దాన్ని అలా కట్టించింది సాక్షాత్తూ యజమానిగారి బావమరిది. ఇక మిగిలింది చదవనూ వ్రాయనూ వచ్చిన డ్రైవరే.

అంతర్గత విచారణ నిష్పక్షపాతంగా జరిగింది. విచారణాధికారి ఫ్యాక్టరీ కారులో వచ్చారు. మేనేజరు ఇంటి క్యారియర్‌లోని కొరమీను పులుసుతో భోజనం చేశారు. పులుసు ప్రభావం తీర్పు మీద పడలేదని నా గట్టి నమ్మకం, ఎందుకంటే తీర్పు అంతకుముందే టైపు అయింది.

బ్రేకు పట్టడం లేదని మూడుసార్లు రిజిస్టరులో రాశానన్నాడు డ్రైవరు. ఆ పేజీలను చెదలు తిన్నాయన్నారు. మా ప్రాంతపు చెదలకు చదువు ఎక్కువ. అదే పుస్తకంలో డ్రైవరు ఆలస్యంగా వచ్చిన రోజుల పేజీలను ముట్టుకోలేదు.

చిక్కంతా చట్టంతోనే. అప్పటికి అమల్లో ఉన్నది 1947 నాటి పారిశ్రామిక వివాదాల చట్టం. వెనక సంఘం లేని ఒంటరి మనిషిని తీసేసినా అది పారిశ్రామిక వివాదమేనంటుంది సెక్షన్ 2ఎ. రాజీ అధికారికి దరఖాస్తు పెట్టి 45 రోజులు గడిస్తే నేరుగా లేబర్ కోర్టు మెట్లెక్కవచ్చని 2010లో దానికి సవరణ కూడా చేశారు. 11ఎ అయితే మరీ మర్యాద తెలియనిది. తప్పుకు తగిన శిక్షేనా అని తూచి, ఎక్కువైతే తగ్గించే అధికారం 1971 నుంచి కోర్టు చేతిలో పెట్టింది. రాతి మందాన్ని మిల్లీమీటర్లలో కొలిచే ఊళ్లో శిక్షను కూడా కొలవమంటే ఎలా?

ఒంగోలు కార్మిక శాఖ కార్యాలయంలో మొదటి వాయిదాకు మేనేజరు రాలేదు, పంటి నొప్పి. రెండో వాయిదాకూ అదే పన్ను.

మూడో వాయిదా రోజు బస్సు తప్పిపోయి డ్రైవరు రోడ్డు మీద నిలబడి ఉంటే, టైర్ల కోసం ఒంగోలు వెళ్తున్న టిప్పర్ ఒకటి ఆగింది. అదే టిప్పర్. కొత్త డ్రైవరు, మీసం సరిగ్గా రాని కుర్రవాడు, “ఎక్కు బాబాయ్” అన్నాడు.

ఎక్కి కూర్చున్నాడు. మలుపు వచ్చినప్పుడల్లా ఖాళీ నేలను కుడికాలితో నొక్కుతూ అడిగాడు.

“బ్రేకులు బాగున్నాయా?”

“గాలి నిలవడం లేదు బాబాయ్. నిన్ననే రిజిస్టరులో రాశాను.”

“పేజీ ఫొటో తీసుకున్నావా?”