ఆ హాకీ మెసేజ్ నాకు ఇంకోసారి పంపకండి

వారంలో నాలుగోసారి. మొదట ఇంటర్ బ్యాచ్ గ్రూప్‌లో వచ్చింది, తర్వాత ఆఫీసు గ్రూప్‌లో, ఆ తర్వాత మా అపార్ట్‌మెంట్ వాటర్ ట్యాంకర్ల గ్రూప్‌లో (అక్కడ హాకీకి ఏటి పనో!), నిన్న రాత్రి గాజువాక బావ నాకొక్కడికే విడిగా పంపి కింద "నువ్వు హాకీ హాకీ అంటావు కదా, ఇది చదువు" అని రాశాడు. మూడుసార్లు నోరు మూసుకున్నాను. బావ పంపాక మాత్రం నిద్ర పట్టలేదు.

చూడనివాళ్ళ కోసం చెప్తున్నా. పైన "చేదు నిజం" అని హెడ్డింగు, మధ్యలో ఆరు పాయింట్లు, చివర జెండా బొమ్మ. రిటైర్మెంట్‌కి దగ్గరపడ్డ హాకీ సీనియర్లకి అభిమానులు చేసే హడావిడి, అంటే థాంక్యూ పోస్టులు, చప్పట్లు, జెర్సీ నంబర్లు పక్కన పెట్టడాలు, ఇదంతా డ్రామా అట, దీనివల్లే ఆట పాడైపోతోందట. వరసగా చూద్దాం, కాకపోతే నాకు నచ్చిన వరసలో.

"30 దాటిన హాకీ ప్లేయర్‌ని ప్రపంచంలో ఏ దేశమూ టీమ్‌లో ఉంచదు."

ఆస్ట్రేలియా ఎడీ ఓకెండెన్‌ని పారిస్‌లో అయిదో ఒలింపిక్స్ ఆడించింది, అప్పటికి అతనికి 37 ఏళ్ళు, పైగా ఓపెనింగ్ సెరెమనీలో దేశం జెండా మోసినవాళ్ళలో అతనొకడు. బెల్జియం గోల్‌కీపర్ విన్సెంట్ వనాష్ టోక్యోలో గోల్డ్ గెలిచినప్పుడు 33, పారిస్‌లో మళ్ళీ వచ్చి నిలబడినప్పుడు 36. ఆస్ట్రేలియా, బెల్జియం దేశాలు కావేమో మరి, నాకు తెలీదు.

ఇది పంపింది మా బావ కాబట్టి ఇంకో మాట. 2024 మార్చి 31న వైజాగ్ మధురవాడ స్టేడియంలో ఢిల్లీ, చెన్నై ఐపీఎల్ మ్యాచ్ జరిగింది. హోమ్ టీమ్ ఢిల్లీ, స్టేడియం మొత్తం పసుపు. 42 ఏళ్ళ ధోనీ చివర్లో దిగి 16 బంతుల్లో 37 కొట్టాడు, చెన్నై 20 పరుగుల తేడాతో ఓడిపోయింది, అయినా జనం గెలిచినట్టే అరుచుకుంటూ బయటికొచ్చారు. అందులో పసుపు జెర్సీ వేసుకుని గొంతు పోగొట్టుకుని మూడు రోజులు సైగలతో మాట్లాడినాయన ఒకాయన ఉన్నాడు. గాజువాకలో ఉంటాడు. నేను తప్పు పట్టట్లేదు బావా, నేనూ అరిచాను. కానీ ఆ చప్పట్లు ప్రేమా, హాకీ వాళ్ళకి కొడితే డ్రామానా?

"జెర్సీ నంబర్ రిటైర్ చెయ్యడం విదేశీ పిచ్చి."

వాట్సాప్ కూడా విదేశీయే. పదండి.

"గోల్‌కీపర్ అంటే నిలబడే పని. 36 ఏళ్ళకి శ్రీజేష్ ఆడాడంటే అందులో గొప్పేముంది?"

ఇది రాసినాయన ఒక్కసారి, ఒకే ఒక్కసారి, పెనాల్టీ కార్నర్‌కి గోల్‌లో నిలబడితే బావుణ్ణు. గంటకి 100 కిలోమీటర్లు దాటి వచ్చే డ్రాగ్ ఫ్లిక్ (స్టిక్‌తో బంతిని లాగి విసిరే షాట్), ఎదురుగా కళ్ళకి అడ్డం పడుతూ అయిదారుగురు, రాయిలాంటి బంతి. "నిలబడే పని" అట. అలాగైతే బస్సు డ్రైవర్‌ది కూర్చునే పని.

2024 ఆగస్టు 4, పారిస్ ఒలింపిక్స్‌లో బ్రిటన్‌తో క్వార్టర్‌ఫైనల్ గుర్తుందా? 17వ నిమిషంలో అమిత్ రోహిదాస్‌కి రెడ్ కార్డ్. అక్కడి నుంచి ముప్పావుగంట దగ్గరదగ్గర పదిమందితో ఆట. మా ఇంట్లో టీవీ ముందు మా నాన్న ఆయన కుర్చీ వదిలేసి గుమ్మం దగ్గరికి వెళ్ళి నిలబడ్డారు, చూస్తే ఓడిపోతారని ఆయన నమ్మకం, వంటింట్లోంచి అమ్మ స్కోరు చెప్తుంటే వింటున్నారు. డిఫెన్స్‌లో రోహిదాస్ ఖాళీని పూడ్చడానికి వెనక్కి వచ్చింది ఎవరు? మన్‌ప్రీత్. మిడ్‌ఫీల్డ్ వాడు, 32 ఏళ్ళవాడు, మెసేజ్ ప్రకారం ఎక్స్‌పైరీ డేట్ అయిపోయినవాడు. 1-1తో షూటౌట్‌కి పోయింది. ఎదుటివాడికి ఎనిమిది సెకన్లు, మధ్యలో ఒక్క శ్రీజేష్. 4-2. అప్పుడు నాన్న లోపలికొచ్చి "నాకు తెలుసు" అన్నారు. ఏం తెలుసో, ఒక్క బంతి కూడా చూడలేదు.

నాలుగు రోజుల తర్వాత స్పెయిన్ మీద 2-1, బ్రాంజ్, కెప్టెన్ హర్మన్‌ప్రీత్ శ్రీజేష్‌ని భుజాల మీద ఎక్కించుకున్నాడు. టీమ్ వాళ్ళే అలా చేస్తుంటే ఇక్కడ మనం ఒక థాంక్యూ పెడితే నొప్పేంటి?

"వాళ్ళకి కోట్లు, గవర్నమెంటు ఉద్యోగాలు ఇచ్చారు కదా, ఇంకా లాయల్టీ ఏంటి, జీతం తీసుకుని ఆడారు."

2024 అక్టోబర్‌లో హాకీ ఇండియా లీగ్ వేలంలో అందరికంటే ఎక్కువ పలికింది ఇండియా కెప్టెన్ హర్మన్‌ప్రీత్, 78 లక్షలు. నెల తర్వాత ఐపీఎల్ వేలంలో రిషభ్ పంత్ 27 కోట్లు. పంత్ మీద నాకేం కోపం లేదు, వైజాగ్‌లో ఢిల్లీ తరఫున బాగా ఆడాడు, లెక్క చెప్తున్నా అంతే. పైగా ఆ హాకీ లీగ్ 2017 తర్వాత ఏడేళ్ళ పైన మూతపడే ఉంది. ఆ ఏడేళ్ళూ వీళ్ళు ఎక్కడున్నారు? ఏడాదిలో ఎక్కువ రోజులు బెంగళూరు సాయ్ (స్పోర్ట్స్ అథారిటీ ఆఫ్ ఇండియా) సెంటర్ క్యాంపులో, ఇల్లూ వాకిలీ వదిలేసి. 2016లో అజ్లాన్ షా టోర్నీ మధ్యలో మన్‌ప్రీత్ తండ్రి పోయారు. ఇంటికెళ్ళి, కొద్దిరోజుల్లో మలేషియా తిరిగొచ్చి ఆడాడు. ఉద్యోగం ఇచ్చారు కాబట్టి వచ్చాడంటారా? మాకు బంధువులెవరైనా పోతే పదకొండో రోజు దాకా ఆఫీసు ముఖం చూడం, బావా నువ్వైతే నెల.

ఇక అసలుది. అయిదో పాయింట్. అన్నం తింటూ చదివాను, సగంలో లేచిపోయాను. ఉన్నది ఉన్నట్టు రాస్తున్నా: "ఆడవాళ్ళ టీమ్ సీనియర్లు ఒక్క ఒలింపిక్ మెడల్ లేకుండా రిటైర్ అయిపోయారు. ఓడినవాళ్ళకి వీడ్కోలు సభలు దేనికి? ఇంటికెళ్ళి పిల్లల్ని చూసుకోమనండి."

మిగతా అయిదు పాయింట్లు తెలివితక్కువతనం. ఇది వేరే.

రాణీ రాంపాల్. తండ్రి బండి లాగేవాడు, ఊరు హర్యానాలో షాహాబాద్, ఇండియాకి ఆడటం మొదలుపెట్టేసరికి వయసు 14. ఆ అమ్మాయి వచ్చేటప్పటికి మన ఆడవాళ్ళ టీమ్ ఒలింపిక్స్ మొహం చూసి ఎన్నేళ్ళయిందో తెలుసా? 1980 తర్వాత లేదు. 2016 రియో దాకా లేదు. మొత్తం 36 ఏళ్ళు. మెడల్ సంగతి తర్వాత, అక్కడికి వెళ్ళే దారే మూసుకుపోయి ఉంది, ఆ దారి తవ్వింది ఈ బ్యాచ్.

రియో తర్వాత టోక్యోకి వెళ్ళడానికి ఏం జరిగిందో నేను కళ్ళారా చూశాను. 2019 నవంబర్ 2, శనివారం. నేనూ, మా స్నేహితుడూ వైజాగ్‌లో రాత్రి బండెక్కి పొద్దున భువనేశ్వర్‌లో దిగాం, కళింగ స్టేడియం. అమెరికాతో క్వాలిఫయర్ రెండో మ్యాచ్. ముందురోజు మనవాళ్ళు 5-1తో గెలిచారు కాబట్టి ఇదేదో పిక్నిక్ అనుకుని పులిహోర ప్యాకెట్లు పట్టుకెళ్ళాం. హాఫ్ టైమ్‌కి అమెరికా 4, మనం సున్నా. రెండు మ్యాచ్‌లూ కలిపితే 5-5. ఒక్క గోల్ తేడా వస్తే టోక్యో వాళ్ళది. మా ముందు వరసలో ఒరియా కాలేజీ పిల్లలు, అప్పటిదాకా డోలు వాయించినవాళ్ళు, డోలు మీద గడ్డం పెట్టుకుని కూర్చున్నారు. పులిహోర పొట్లం నా ఒళ్ళో అలాగే ఉంది. 48వ నిమిషం, బంతి సర్కిల్‌లో రాణీకి దొరికింది, ఆలోచించలేదు, కొట్టేసింది. లోపల. 6-5. ఆ డోలు మళ్ళీ మొదలైంది చూడండి, రైల్వే స్టేషన్ దాకా చెవిలో మోగుతూనే ఉంది. పులిహోర ఎప్పుడు కింద పడిపోయిందో తెలీదు.

ఆ ఒక్క గోల్ లేకపోతే టోక్యో లేదు. టోక్యోలో ఆస్ట్రేలియాని 1-0తో ఇంటికి పంపడం లేదు, నాలుగో స్థానం లేదు, మీరందరూ స్టేటస్‌లు పెట్టుకున్న ఆ ఏడుపు ఫొటోలు లేవు. అవును బావా, నువ్వూ పెట్టావు, 2021 ఆగస్టు 6న, "ఓడినా గెలిచారు" అని. స్క్రీన్‌షాట్ ఉంది.

వందనా కటారియా సంగతి చెప్పనా? 320 మ్యాచ్‌లు, 158 గోల్స్. టోక్యోకి ముందు క్యాంపులో ఉండగా నాన్న పోయారు, కోవిడ్ బబుల్ వల్ల కడసారి చూపుకి కూడా వెళ్ళలేకపోయింది. వెళ్ళి దక్షిణాఫ్రికా మీద హ్యాట్రిక్ కొట్టింది, ఒలింపిక్స్‌లో ఇండియా ఆడపిల్ల హ్యాట్రిక్ కొట్టడం అదే మొదలు. సెమీస్‌లో అర్జెంటీనాతో ఓడిపోగానే హరిద్వార్ దగ్గర ఆమె ఊళ్ళో, వాళ్ళ ఇంటి ముందే, టపాకాయలు కాల్చి కులం పేరెత్తి తిట్టారు. టీమ్‌లో ఆ కులం వాళ్ళు ఎక్కువైపోయారు కాబట్టే ఓడిందట. రెండు రోజుల తర్వాత ఆ పిల్ల బ్రాంజ్ మ్యాచ్‌లో దిగి బ్రిటన్ మీద గోల్ కొట్టింది.

"ఓడినవాళ్ళకి వీడ్కోలు దేనికి" అన్న మాటకీ, ఆ టపాకాయలకీ పెద్ద దూరం లేదు. ఇది జోక్ అనుకుని నవ్వు బొమ్మ పెట్టి ఫార్వర్డ్ చేసినవాళ్ళు ఆ సంగతి ఒక్కసారి చూసుకోండి. ఈ గ్రూపుల్లో సగంమందికి ఆడపిల్లలున్నారు, వాళ్ళని స్కేటింగ్ క్లాసుకీ, స్విమ్మింగ్‌కీ బీచ్ రోడ్డు పట్టుకుని పొద్దున్నే తిప్పుతున్నది మీరే కదా? మెడల్ రాకపోతే ఏమంటారు, ఇంటికెళ్ళి పిల్లల్ని చూసుకో అంటారా? రాణీ 254 మ్యాచ్‌లాడి 2024 అక్టోబర్‌లో స్టిక్ పక్కన పెట్టింది, ఆమె 28 నంబర్ జెర్సీ ఇక ఎవరికీ ఇవ్వం అన్నారు. అది సభ కాదు గురూ, బాకీ తీర్చడం. పూర్తిగా తీరలేదు కూడా.

సరే, కోపం తగ్గించుకుంటున్నా. ఆరోది మిగిలింది. "సీనియర్లు దిగకపోవడం వల్ల కుర్రాళ్ళ చోటు పోతోంది."

ఇక్కడ ఒక మాట ఒప్పుకోవాలి, ఒప్పుకోవడానికి నాకే ఇష్టంగా లేదు. ఇందులో నిజం ఉంది. మెసేజ్ రాసినాయనకి తెలిసి రాసిన నిజం కాదు, గుడ్డెద్దు చేలో పడ్డట్టు తగిలింది. మిడ్‌ఫీల్డ్‌లో అయితే ఒకళ్ళ తర్వాత ఒకళ్ళని తిప్పుతుంటారు, గోల్‌కీపర్‌కి అలా కుదరదు. ఉండేది ఒక్క చోటు. శ్రీజేష్ ఉన్నన్నాళ్ళూ క్రిషన్ పాఠక్ వెనకే ఉన్నాడు, పారిస్‌లో కూడా స్టాండ్‌బై. ప్రాక్టీస్ అంతా చెయ్యాలి, దెబ్బలన్నీ తినాలి, మ్యాచ్ రోజు బయట కూర్చోవాలి.

పాఠక్ దాకా ఎందుకు, మన తెలుగమ్మాయి ఇ. రజని ఉంది. పాత చిత్తూరు జిల్లా పల్లెటూరి నుంచి వెళ్ళిన గోల్‌కీపర్. ఆమెకి ముందు నిలబడి ఉన్నది సవితా పూనియా, వరసగా మూడేళ్ళు ప్రపంచంలోనే బెస్ట్ గోల్‌కీపర్ అవార్డు తీసుకున్న మనిషి. అలాంటావిడ వెనక ఏళ్ళ తరబడి రెండో గోల్‌కీపర్‌గా ఉండటం ఎలా ఉంటుందో ఊహించుకోండి. సవిత తప్పుకుని ఉంటే రజనికి ఇంకా చాలా మ్యాచ్‌లు వచ్చేవి, అందులో అనుమానం లేదు. సవిత ఉండటం వల్ల ఇండియాకి మంచి జరిగింది, రజనికి నష్టం జరిగింది, రెండూ నిజమే. సవితకి చప్పట్లు కొట్టినప్పుడల్లా నేను ఈ రెండోది మర్చిపోతూ వచ్చాను, ఈ మెసేజ్ మీద కోపంతో వెతుక్కుంటుంటే గుర్తొచ్చింది. అలా వెనకే ఉండి, మానెయ్యకుండా, 2024 జనవరిలో మస్కట్‌లో హాకీ ఫైవ్స్ (జట్టుకి అయిదుగురే ఆడే హాకీ) వరల్డ్ కప్‌కి ఇండియా కెప్టెన్‌గా వెళ్ళి సిల్వర్ తెచ్చింది. ఆ రోజు మన గ్రూపుల్లో ఒక్కడు కూడా ఒక్క ముక్క పెట్టలేదు. నేనూ పెట్టలేదు.

అయితే ఆ వాదన పట్టుకుని సీనియర్లని తిట్టమంటే మాత్రం కుదరదు. సెలెక్షన్ చేసేది సెలెక్టర్లు, చప్పట్లు కొట్టే మనం కాదు. పైగా శ్రీజేష్ దిగిపోయి ఏం చేశాడు? జూనియర్ టీమ్ కోచ్‌గా వెళ్ళాడు. చోటు ఆక్రమించిన మనిషి చేసే పనేనా అది?

మెసేజ్ చివర జెండా బొమ్మ కింద "నిజమైన హాకీ అభిమాని అయితే పదిమందికి పంపండి" అని ఉంది. పంపను. నేను రాసింది మాత్రం ఇంటర్ గ్రూప్‌లో, ఆఫీసు గ్రూప్‌లో పెడుతున్నా. ట్యాంకర్ల గ్రూప్‌లో పెట్టను, అక్కడ రేపటి నీళ్ళ సంగతి తేలలేదు ఇంకా. బావా, నీకు విడిగా ఒక ఫొటో పంపిస్తున్నా, రజనిది, హెల్మెట్ తీసి ఉన్నది. ఎవరో చెప్పకు ఎవరికీ, ముందు మన గ్రూప్‌లో ఎంతమంది గుర్తుపడతారో చూద్దాం.