అర్ధరాత్రి రికార్డు: గుత్తి హైవే పక్కన మామా అల్లుళ్ల వాదన

గుత్తి దాటాక హైవే పక్కన డాబా. బేతంచెర్ల బండల లోడుతో బెంగళూరు పోతున్న లారీ మామది. సెకండ్ హ్యాండ్‌లో కొన్నా, కంపెనీ నుంచి వచ్చింది వచ్చినట్టే ఉన్న టర్బో కారు అల్లుడిది. అది ఎంత వేగం పోతుందో ఈ రాత్రే తేల్చాలని అల్లుడు, వద్దని మామ.

అల్లుడు: పగలు 40 డిగ్రీల ఎండ మామా, ఇంజిన్‌కి ఊపిరాడదు. రాత్రి రెండింటికి గాలి చల్లగా, చిక్కగా ఉంటుంది, ఇంజిన్‌కి ఆక్సిజన్ బాగా అందుతుంది, రోడ్డూ ఖాళీ.

మామ: ఆ చిక్కటి గాలే నీ కారుకి అడ్డం పడేది. వేగం రెట్టింపైతే గాలి అడ్డు నాలుగింతలు, దాన్ని తోసుకుపోవడానికి పవర్ ఎనిమిదింతలు కావాలి. అయినా రోడ్డు ఖాళీ అని ఎవరు చెప్పార్రా నీకు? ఇన్నేళ్లుగా రాత్రిళ్లే తోలుతున్నా. టెయిల్ లైటు లేని శనక్కాయల ట్రాక్టరు, పంక్చరై లైన్లోనే నిలబడ్డ లారీ, దాని వెనక నాలుగు రాళ్లూ ఒక వేపకొమ్మా, అదే హెచ్చరిక బోర్డు! డివైడర్ మీది గన్నేరు చెట్లల్లోంచి కుక్క ఎప్పుడు దూకుతుందో తెలీదు.

అల్లుడు: హైబీమ్ ఉంది కదా.

మామ: 180లో పోతే సెకనుకు 50 మీటర్లు. హైబీమ్‌లో నల్లటి వస్తువు నూటయాభై మీటర్లలో కనబడితే గొప్ప. నువ్వు చూసి కాలు బ్రేక్ మీద పెట్టేలోపే 50 మీటర్లు పోతాయి, ఆగడానికి ఇంకో 150 కావాలి.

అల్లుడు: మరి 2017లో కోనిగ్సెగ్ అగేరా ఆర్ఎస్ అమెరికాలో, నెవాడాలో, మామూలు హైవే మీదే సగటున 447 కొట్టింది కదా? అది కూడా రేసు కారు కాదు, అమ్మే కారే.

మామ: మామూలు హైవే కాదు, మూసేసిన హైవే. ఒకవైపు 457 వస్తే ఇంకోవైపు 436 వచ్చింది. అదే కారు, అదే రోజు! గాలీ వాలూ అంత తేడా తెస్తాయి, అందుకే రెండువైపులా పోయి సగటు తీస్తారు. నువ్వేం చేస్తావు, ఇదే లైన్లో రాంగ్‌రూట్‌లో తిరిగొస్తావా?

అల్లుడు: ఒకవైపే తీస్తా, జీపీఎస్ వీడియోతో.

మామ: 2020లో టువాటరా అనే అమెరికా కారు చేసినవాళ్లూ 508 అని వీడియో పెట్టారు. జనం లెక్కేసి పట్టుకున్నారు, అంత వేగం రాలేదని చివరికి కంపెనీయే ఒప్పుకుంది. పైగా మోటారు వాహనాల చట్టంలో సెక్షన్ 189, అనుమతి లేకుండా రోడ్డు మీద స్పీడు పరీక్షలు పెడితే మూడు నెలల జైలు దాకా ఉంది.

అల్లుడు: నాకు పేరు అక్కర్లేదు మామా. నా కారు ఎంత పోతుందో ఒక్కసారి కళ్లారా చూడాలి, అంతే.

మామ: అది తప్పని నేననలేదు. ఇండోర్ దగ్గర పీథంపూర్‌లో బండ్లని పరీక్షించే నాట్రాక్స్ ట్రాక్ ఉంది, 11.3 కిలోమీటర్ల చుట్టు. పోయి అడుగు. ముందు ఇటు రా, ఫోన్ లైటు వెయ్యి. ఈ టైరు మీద బురద తుడువు. ఏముంది?

అల్లుడు: హెచ్ అక్షరం. కింద 3418.

మామ: హెచ్ అంటే 210 దాకానే, అదీ టైరు బాగుంటే. 3418 అంటే 2018లో 34వ వారం తయారైంది.

అల్లుడు: ...కొన్నప్పుడు చూసుకోలేదు మామా. పీథంపూర్ ఇక్కడి నుంచి ఎంత దూరం?

మామ: టైర్లు మార్చినాక అడుగు.