హాస్పిస్‌ని రాత్రి రెండింటికి చూడాలి

నయం కాని జబ్బుతో చివరి రోజుల్లో ఉన్నవాళ్ళను బాధ తగ్గించి చూసుకునే చోటే హాస్పిస్. దాన్ని చూడటానికి వెళ్ళేవాళ్ళు మామూలుగా చేసే తప్పే మేమూ చేశాం. పగటిపూట వెళ్ళాం. ఆదివారం, పదకొండు గంటలకు. నేల తళతళలాడుతోంది, కిటికీ పక్కన తులసి కుండీ ఉంది, రిసెప్షన్‌లో అమ్మాయి కన్నడ, తెలుగు, హిందీ, ఇంగ్లిష్ అన్నీ మాట్లాడుతోంది. మా అత్తయ్యకు క్లోమంలో కేన్సర్. ఇక చేయడానికేమీ లేదని డాక్టర్లు చెప్పి అప్పటికి వారమైంది. సెంటర్ నచ్చింది కానీ ఆమె ఇల్లు కదలనంది. అందుకని వాళ్ళదే ఇంటి దగ్గర సేవకు డబ్బు కట్టి బెంగళూరు రామమూర్తినగర్‌లో ఇంటికి వచ్చేశాం.

తొమ్మిదో రోజు రాత్రి రెండూ పది నిమిషాలకు అత్తయ్య మోకాళ్ళు కడుపులోకి ముడుచుకుని పడుకుంది. అరవలేదు. దుప్పటి అంచు నోట్లో పెట్టుకుని కొరుకుతోంది. కరపత్రంలో ఎర్ర అక్షరాలతో ఉన్న 24 గంటల నంబరుకు ఫోన్ చేస్తే ఒక కుర్రాడు ఎత్తి, పేరు, రిజిస్టర్డ్ మొబైల్ నంబరు అడిగి, "టికెట్ రైజ్ చేశాను మేడమ్, మార్నింగ్ క్లినికల్ టీమ్ మీకు కాల్ చేస్తారు" అన్నాడు. ఇంట్లో ఉన్న కేర్‌టేకర్ అమ్మాయికి డైపర్ మార్చడం, పక్కకు తిప్పడం వచ్చు. మందు ఇచ్చే అధికారం లేదు. ఇవ్వడానికి మందూ లేదు.

హాస్పిస్ మంచిదా కాదా అని తేల్చే ప్రశ్న ఆ రాత్రే నాకు అర్థమైంది. రాత్రి రెండింటికి ఎవరు ఫోన్ ఎత్తుతారు, ఎత్తిన మనిషికి ఏం చేయడం చేతనవును, చేయడానికి ఇంట్లో ఏం ఉంచారు? తక్కినవన్నీ దీని తరవాతే.

మామూలు ఆసుపత్రిని ఎంచుకోవడానికి మనకు కొన్ని దారులున్నాయి. ఫలానా డాక్టరు చేయి మంచిదని పక్కింటివాళ్ళు చెబుతారు. బాగై ఇంటికొచ్చిన మనిషే సాక్ష్యం. హాస్పిస్‌లో ఆ సాక్షి ఉండడు. సేవ ఎలా ఉందో నిజంగా తెలిసిన మనిషి చనిపోయాడు. మిగిలింది కుటుంబం. వాళ్ళు నెలమాసికం పనుల్లో ఉంటారు గానీ ఫోన్ తీసి రేటింగ్ చుక్కలు వేస్తూ కూర్చోరు. కూర్చున్నా రాసేది దుఃఖంలో రాస్తారు. ఒకరు సిబ్బందిని దేవుళ్ళంటారు, ఇంకొకరు వీళ్ళే చంపేశారంటారు. మేం నాలుగున్నర చుక్కలు చూసి వెళ్ళాం. తరవాత తీరిగ్గా చదివితే ఆ రివ్యూల్లో సగం ఫిజియోథెరపీ గురించి.

అమెరికాలో ఈ చిక్కును కొంత విప్పుకున్నారు. అక్కడ హాస్పిస్‌కు డబ్బిచ్చేది ఎక్కువగా మెడికేర్ అనే ప్రభుత్వ పథకం. డబ్బిస్తుంది కాబట్టి లెక్క అడుగుతుంది. రోగి పోయిన కొద్ది నెలలకు, చూసుకున్న కుటుంబ సభ్యుడికి ప్రశ్నల పత్రం వెళుతుంది. నొప్పికి తగినంత సాయం అందిందా, రాత్రులూ సెలవు రోజులూ అడిగినప్పుడు వచ్చారా లాంటివి అందులో ఉంటాయి. ఇంకో కొలత నాకు బాగా నచ్చింది. చివరి మూడు రోజుల్లో కనీసం రెండు రోజులు నర్సు గానీ సోషల్ వర్కర్ గానీ మనిషిగా వచ్చి చూశారా అని లెక్కపెడతారు. ఫోన్ చేస్తే సరిపోదు, రావాలి. ఈ అంకెలన్నీ ఎవరైనా చూసుకునేలా పెడతారు.

మన దగ్గర డబ్బిచ్చేది మనమే. ఆరోగ్య బీమాకు బీమా నియంత్రణ సంస్థ ఐఆర్‌డీఏఐ ఖరారు చేసిన ప్రామాణిక మినహాయింపుల్లో ఐదోది ఒకసారి తీసి చదవండి. విశ్రాంతి కోసం చేరడం, స్నానం చేయించడం, బట్టలు మార్చడం లాంటి సేవలతో పాటు, మరణం దగ్గరపడినవారి శారీరక, సామాజిక, మానసిక, ఆధ్యాత్మిక అవసరాలకు చేసే సేవలు కూడా అందులో ఉన్నాయి. అంటే హాస్పిస్ నిర్వచనాన్నే దాదాపు అక్షరం పొల్లుపోకుండా రాసి, దీనికి డబ్బివ్వం అన్నట్టు. చాలా పాలసీల్లో ఈ మినహాయింపు ఉంది. దీనివల్ల రెండు జరుగుతున్నాయి. బిల్లు చూసి ఇదెందుకు, అదెందుకు అని ప్రశ్నించే బయటి మనిషి లేకుండా పోయాడు. రెండోది ఇంకా ఘోరం. ఐసీయూకి బీమా వస్తుంది, ఇంట్లో ప్రశాంతంగా పోవడానికి రాదు. నెల జీతం మీద బతికే కుటుంబం ఎటు మొగ్గుతుందో చెప్పక్కర్లేదు.

డబ్బు సంగతి వచ్చింది కాబట్టి ఒక మాట. ఉచితంగా ఇచ్చేది రెండోరకంగా ఉంటుందనే అభిప్రాయం మనలో బాగా పాతుకుంది. ఈ రంగంలో అది తలకిందులు. బెంగళూరులో మారతహళ్ళి దగ్గరి కరుణాశ్రయ హాస్పిస్ కోసం ట్రస్టు పెట్టింది 1994లో, కేంద్రం తెరిచింది 1999లో. నయం చేయలేని దశకు చేరిన కేన్సర్ రోగులకు రూపాయి తీసుకోకుండా చేస్తున్నారు. హైదరాబాద్‌లో స్పర్శ్ కూడా ఉచితమే. నెలవారీ ప్యాకేజీ అమ్మే కంపెనీలకు ఎన్ని పరికరాలు అద్దెకు పోతే అంత లాభం. మాకూ మొదటి రోజే మానిటర్, ఆక్సిజన్ మెషిన్, మోటారు మంచం కలిపి 'ఇంట్లోనే ఐసీయూ' అని కొటేషన్ ఇచ్చారు. నా మట్టుకు, హాస్పిస్ పేరుతో ఐసీయూ అద్దెకిచ్చేవాళ్ళ దగ్గర అక్కడితోనే లేచి వచ్చేయాలి. తెర మీద పరిగెత్తే గీతను చూస్తూ కూర్చున్న మనిషి మంచం మీది మనిషిని చూడడు. అయితే కరుణాశ్రయ ప్రధానంగా కేన్సర్ వాళ్ళకు. కిడ్నీలు పోయినవాళ్ళు, మతిమరుపు జబ్బు ముదిరినవాళ్ళు చాలావరకు ఈ కంపెనీల చేతిలోనే పడుతున్నారు. అందుకే వాటిని తూచడం నేర్చుకోక తప్పదు.

మొదట, తీవ్రమైన నొప్పికి వాడే మార్ఫిన్ సంగతి అడగాలి. "పెయిన్ మేనేజ్‌మెంట్ ఉందా?" అని అడగొద్దు, లేదని ఎవరూ అనరు. నోటి ద్వారా వేసే మార్ఫిన్ మాత్ర మీ దగ్గర ఉందా, పెట్టుకోవడానికి గుర్తింపు ఉందా అని సూటిగా అడగాలి. 1985 నాటి మత్తుమందుల చట్టం వల్ల ఈ మాత్ర కోసం ఆసుపత్రులు ఏళ్ళ తరబడి నాలుగైదు శాఖల చుట్టూ తిరగాల్సి వచ్చేది. తిరగలేక చాలామంది ఆ మందునే మానేశారు. 2014లో చట్టాన్ని సవరించి మార్ఫిన్‌తో సహా కొన్నింటిని అత్యవసర మత్తుమందులుగా విడదీశారు. ఇప్పుడు రాష్ట్ర డ్రగ్స్ కంట్రోలర్ గుర్తింపు ఒక్కటి ఉంటే చాలు. అది ఖరీదైన మందూ కాదు. ఇప్పటికీ లేదంటే దారి లేక కాదు, పట్టించుకోకే.

ఉందన్నాక కూడా వదలకూడదు. మామూలు మార్ఫిన్ మాత్ర పనిచేసేది నాలుగు గంటలు. అందుకని గడియారం చూసి వేయాలి, నొప్పి వచ్చాక కాదు. మధ్యలో నొప్పి తన్నుకొస్తే వేయడానికి అదనపు డోసు ఎంతో కాగితం మీద రాసి ఇంట్లో ఉంచాలి. మార్ఫిన్‌తో మలబద్ధకం దాదాపు తప్పదు కాబట్టి విరేచనం మందు అదే చీటీలో ఉండాలి. ఇది చిన్న విషయంలా కనిపిస్తుంది గానీ నాకు ఇదే గీటురాయి. మార్ఫిన్ రాసి విరేచనం మందు మరిచిన డాక్టరు, ఆ రోగిని నాలుగో రోజు మళ్ళీ చూద్దామని అనుకోలేదన్నమాట.

ఇక భాష. బెంగళూరులో తెలుగు కుటుంబాలు దీని గురించి ఆలోచించవు, ఎందుకంటే ఇక్కడ తెలుగుతో గడిచిపోతుంది. కూరగాయల బండి దగ్గర, ఆటోలో, అపార్ట్‌మెంట్ వాచ్‌మన్‌తో. నొప్పి దగ్గర మాత్రం గడవదు. మొదటి కంపెనీ నర్సు వచ్చీరాని తెలుగులో, "అమ్మా, పదికి ఎంత?" అని అడిగింది. నొప్పి సున్నా నుంచి పది దాకా ఎంత అని ఆమె ఉద్దేశం. అత్తయ్య మార్కులు వేయమంటోంది కాబోలనుకుంది. "పదికి పది వేసుకో తల్లీ, బాగా చూస్తా ఉండావు" అంది. నర్సు చార్టులో 10 అని రాసుకుంది. మేం నవ్వుకున్నాం కూడా. ఆ నవ్వు తరవాత చేదయింది. పదికి పది నొప్పి అని తన చేత్తో రాసుకున్న మనిషి డాక్టరుకు ఫోన్ చేయలేదు. మరునాటి గడిలో మళ్ళీ ఇంకో అంకె. చార్టు నింపడమే ఆ సంస్థకు పని, చదవడం ఎవరి పనీ కాదు.

అంకెలో ఏముంది, అసలు సమాచారమంతా మాటలోనే ఉంది. సలపడం వేరు, మంట వేరు. మెలిపెట్టడం వేరు, చిమచిమలాడటం వేరు, కరెంటు కొట్టినట్టుండటం వేరు. ఇవి మాటల సొగసు కోసం కాదు, ఒక్కోదానికి మందు మారుతుంది. మంట, చిమచిమ, షాక్ కొట్టినట్టు అంటే నరానికి సంబంధించిన నొప్పి కావచ్చు. దానికి ఒక్క మార్ఫిన్ చాలకపోవచ్చు, నరాల మందు కలపాలి. కడుపులో మెలిపెట్టి వదులుతోందంటే పేగుల సంగతి చూడాలి. అత్తయ్యది మదనపల్లె వైపు తెలుగు. "వీపులో సలపతా ఉండాది, రాత్రయితే మండతాది" అని ఒక్క వాక్యంలో రెండు నొప్పులు చెప్పింది. చార్టులో అది 'వెన్నునొప్పి' అయింది.

ఆ తరవాత మేం సంస్థ మార్చాం. ఆ రెండో చోటు నుంచి వచ్చిన నర్సు మలయాళీ. మొదటి రోజు చిన్న నోటు పుస్తకం తీసింది. ఒక పేజీ నిండా తెలుగు మాటలు మలయాళం లిపిలో రాసి ఉన్నాయి: సలుపు, పోటు, తీపు, మంట, ఆయాసం, వికారం. ఎదురుగా మలయాళంలో అర్థం. అత్తయ్య చెప్పింది విని 'మండతాది' అని కింద కొత్తగా రాసుకుని, నా వైపు తిరిగి "మంటే కదా?" అని అడిగింది. ఆ సంస్థకు గోడ మీద ఏ సర్టిఫికెట్టూ వేలాడుతూ నేను చూడలేదు. ఆ పుస్తకం చాలనిపించింది. మీరు మాట్లాడబోయే సంస్థ దగ్గర తెలుగు తెలిసినవాళ్ళు ఉన్నారా అని అడిగితే ఉన్నారంటారు. రాత్రి డ్యూటీలో ఉన్నారా అని అడగండి.

మనవాళ్ళతో ఇంకో చిక్కు ఉంది. "ఆయనకు చెప్పకండి" అని డాక్టర్ని గది బయటకు లాక్కెళ్ళి చెప్పడం. మేమూ చెప్పాం. మొదటివాళ్ళు "ష్యూర్ మేడమ్" అని తల ఊపారు. రెండోవాళ్ళ డాక్టరు తల ఊపలేదు, మాతో వాదించనూ లేదు. లోపలికెళ్ళి కూర్చుని, "అమ్మా, మీ జబ్బు గురించి మీకేం తెలుసు?" అని అడిగారు. అత్తయ్య మామయ్య వైపు చూసి, "వీళ్ళు భయపడతారని నేనే ఏమీ అడగలా" అంది. ఆ తరవాత ఆ ఇంట్లో గుసగుసలు తగ్గాయి. రోగితో అబద్ధమాడమంటే సరేననే సంస్థ, రేపు మీతోనూ అబద్ధమాడగలదు.

చివరి ఘడియల్లో ఏం చేస్తారో కూడా ముందే అడగాలి, అడగడానికి నోరు రాకపోయినా సరే. గొంతులో గరగర మొదలైతే అంబులెన్స్ పిలుచుకోమంటారా, వచ్చి పక్కకు తిప్పి, ఇంజెక్షన్ ఇచ్చి, పక్కన కూర్చుంటారా? పోయినేడాది మీ రోగుల్లో ఎంతమంది చివరికి ఐసీయూలో పోయారు అనే ప్రశ్నకు ఎంత జవాబు చెబుతారన్నది అంత ముఖ్యం కాదు, ఆ లెక్క వాళ్ళు రాసుకున్నారా అన్నదే చూడాలి. కోలుకోలేని దశలో యంత్రాల మీద ఉంచొద్దని ముందుగా రాసిపెట్టుకునే హక్కును సుప్రీంకోర్టు 2018లో గుర్తించింది, 2023లో ఆ పద్ధతిని సులువు చేసింది. 2025 జనవరిలో కర్ణాటక ప్రభుత్వం దాని అమలుకు ఆదేశాలిచ్చింది. దీని గురించి తనంతట తానుగా ఎత్తే సంస్థ ఈ పనిని అర్థం చేసుకున్నట్టే.

ఒక కాగితం గురించి మాత్రం ఎవరూ చెప్పరు. ఇంట్లో పోయినప్పుడు మరణ కారణం రాసి డాక్టరు ఇవ్వాల్సింది ఫారం 4ఏ. అది లేకపోతే శ్మశానం దగ్గర, తరవాత డెత్ సర్టిఫికెట్ దగ్గర ఇబ్బంది. తెల్లవారుజామున మూడింటికి ముక్కూమొహం తెలియని డాక్టర్ని లేపి సంతకం పెట్టమంటే ఎవరు పెడతారు? మీ డాక్టరు ఇంటికొచ్చి ఇస్తారా, ఎంతసేపట్లో వస్తారని ఒప్పందం రోజే అడిగి రాయించుకోవాలి. మాలాగా ఊరికి తీసుకెళ్ళాల్సినవాళ్ళకు ఇది మరీ అవసరం.

అత్తయ్య పోయింది శుక్రవారం వేకువన. డాక్టరు నలభై నిమిషాల్లో వచ్చారు. తెల్లవారేసరికి మా బండి చింతామణి దాటింది.

పదిహేను రోజుల తరవాత ఆ మలయాళీ నర్సు ఫోన్ చేసింది. మిగిలిన మార్ఫిన్ మాత్రలు ఎన్నున్నాయో లెక్కపెట్టి తెచ్చివ్వమంది, రిజిస్టర్‌లో రాయాలట. పదకొండు ఉన్నాయని చెప్పాను. సరే అని పెట్టేయలేదు. "అప్పా ఎట్లున్నారు? రాత్రి నిద్ర పోతున్నారా?" అంది. మామయ్య పక్కనే ఉన్నారు, ఫోన్ ఆయనకిచ్చాను. ఏం మాట్లాడుకున్నారో నాకు తెలియదు, ఆయన బాల్కనీలోకి వెళ్ళి తలుపు దగ్గరకు వేసుకున్నారు. కాల్ ఇరవై మూడు నిమిషాలని తరవాత ఫోన్‌లో చూశాను.