చేయి తాకని ఫిజియోథెరపీ

మా అమ్మను భుజం నొప్పికి ఫిజియోథెరపీ చేయించి ఇప్పుడే ఇంటికి తీసుకొచ్చాను, నా కోపం ఇంకా చల్లారలేదు. షుగరు ఉన్నవాళ్లకు తరచుగా వచ్చే ఫ్రోజెన్ షోల్డర్ ఆమెది. జడ వేసుకుందామంటే చేయి తల వెనక్కి పోదు, రాత్రి ఆ పక్కకు ఒత్తిగిల్లలేదు. అక్కడి అబ్బాయి భుజం చుట్టూ నాలుగు ప్యాడ్లు అంటించి, నొప్పికి సన్నగా కరెంటు పంపే ఐఎఫ్‌టీ మెషీన్ ఆన్ చేసి, కర్టెన్ లాగి వెళ్లిపోయాడు. మెషీన్ కూయగానే వచ్చి ప్యాడ్లు ఊడదీశాడు. చేయి ఎంతవరకు లేస్తోందో చూడలేదు, "ఎక్కడ నొప్పమ్మా?" అంటూ ఒక్క వేలైనా ఆనించలేదు.

కీలును కప్పి ఉండే పొర మందమై బిగుసుకుపోవడమే ఈ జబ్బు. ఆ బిగువు ఏ వైపు ఎక్కువగా ఉందో, ఎంత కదిపితే నొప్పి మొదలవుతుందో తెలిసేది పట్టుకున్న చేతికే. ఆస్ట్రేలియా ఫిజియోథెరపిస్టు జెఫ్రీ మైట్‌లాండ్ కీళ్లను చేత్తో కదిపే పద్ధతిని గ్రేడ్లుగా విడదీశాడు. నొప్పి తీవ్రంగా ఉన్నప్పుడు మెత్తగా, కొద్దికొద్దిగా కదపాలి, బిగువే ప్రధానమైనప్పుడు కదలిక ఆగిపోయే చోటిదాకా వెళ్లి అక్కడ పని చేయాలి. స్పర్శ సంకేతాలు వెన్నుపాము దగ్గరే నొప్పి సంకేతాలను అణచగలవని మెల్జాక్, వాల్ అనే శాస్త్రవేత్తలు 1965లోనే ప్రతిపాదించారు. భుజం సంగతి కాకపోయినా, నడుము నొప్పికి బ్రిటన్‌లోని చికిత్సా ప్రమాణాలు సూచించే నైస్ సంస్థ 2016లో ఇచ్చిన మార్గదర్శకాలు ఐఎఫ్‌టీని, ధ్వని తరంగాలతో చేసే అల్ట్రాసౌండ్‌ను వద్దన్నాయి. చేతి చికిత్సను మాత్రం వ్యాయామంతో కలిపి ఇవ్వవచ్చన్నాయి. మన దగ్గర సరిగ్గా ఆ వద్దన్నవే ముందు తగిలిస్తున్నారు.

తప్పంతా ఆ అబ్బాయిది కాదు. చేత్తో చేస్తే ఒక మనిషి ఒక్క రోగి దగ్గరే ఉండిపోవాలి, మెషీన్లయితే ఒక్కడే నాలుగు మంచాలు చూసుకోగలడు. యాజమాన్యానికి కావలసింది ఆ లెక్కే. అసలు చేత్తో చేసే పనంటే మనకు ఏనాటి నుంచో చిన్నచూపు. బాలింత ఒళ్లంతా నువ్వుల నూనెతో మర్దన చేసి, నడుము పట్టు విడిపించి, పసిబిడ్డను కాళ్ల మీద పడుకోబెట్టుకుని నీళ్లు పోసిన మనిషికి పాత చీర ఇచ్చి పెరటి గుమ్మం నుంచే పంపించిన ఇళ్లు మనవి. ఆమె వేళ్లకు తెలిసిన విద్యను ఎవరూ విద్య అనలేదు. ఈనాడు డిగ్రీ చదివిన ఫిజియోథెరపిస్టు శ్రద్ధగా చేత్తో చేసినా, "ఊరికే నొక్కినందుకు ఇంత డబ్బా?" అని అడిగేవాళ్లు మన చుట్టాల్లోనే ఉన్నారు.

ఊరికే నొక్కడం కాదది. పిక్క వాచి, ఎర్రబడి, వేడిగా ఉంటే లోపల రక్తం గడ్డకట్టి ఉండవచ్చు కాబట్టి అక్కడ రుద్దకూడదని, వెంటనే డాక్టరు దగ్గరికి పంపాలని తెలిసిన చేయి కావాలి. ఆ తెలివికే మనం డబ్బు కడుతున్నాం.

బిల్లులో మెషీన్ల పేర్లన్నీ వరసగా అచ్చు వేస్తున్నారు. చేత్తో ఎంతసేపు చికిత్స చేశారో కూడా అందులోనే రాయమని అడగండి, రాయకపోతే డబ్బు కట్టే ముందే నిలదీయండి.